చేనుకు నీరెవరు పెట్టాలి? - డిపెండెన్సీ ఇంజక్షన్‌తో నా తొలి పాఠం

(బి.ఎస్సీ. మూడవ సంవత్సరం, కంప్యూటర్ సైన్సు)

ఇంజక్షను అనే మాటకు మా ఊళ్ళో రెండే అర్థాలు. ఒకటి, జ్వరమొస్తే ఆర్.ఎం.పి. డాక్టరుగారు మనకు వేసేది. రెండు, గాలికుంటు రాకుండా పశువుల డాక్టరుగారు గేదెలకు వేసేది. దీనికి మూడో అర్థం కూడా ఒకటి ఉన్నదనీ, అది కంప్యూటరు ప్రోగ్రాములకు సంబంధించినదనీ నాకు బి.ఎస్సీ. రెండో సంవత్సరం దాకా తెలియదు. తెలిసిన తరువాత కూడా చాలాకాలం అర్థం కాలేదు. "డిపెండెన్సీ ఇంజక్షన్" అని చదివి, పరీక్షలో నిర్వచనం రాసి, మార్కులు తెచ్చుకొని, మరచిపోయాను. మన మిత్రుల్లో చాలామంది పరిస్థితి ఇంతకన్నా భిన్నంగా ఉండదని నా అనుమానం.

నేను ఈ విషయంలో పండితురాలిని కాను. కాని దీన్ని తెలియక ఒక పొరపాటు చేసి, ఒక పెద్దాయన మోకాలికి దెబ్బ తగలడానికి కారణమయ్యాను. ఆ తరువాతనే కూర్చొని సరిగా నేర్చుకున్నాను. నేర్చుకున్న క్రమంలోనే ఇక్కడ చెప్తాను.

మాది రేపల్లె దగ్గర చిన్న ఊరు. కృష్ణా పశ్చిమ డెల్టాలో మావి చివరి భూములు. చివరి భూములంటే తెలియనివారి కోసం ఒక్క మాట: బెజవాడ దగ్గర ప్రకాశం బ్యారేజీలో నీళ్ళు వదిలితే దుగ్గిరాల, తెనాలి వైపు మడులు తడిసి, మిగిలినవి మా దాకా వస్తాయి. మిగలకపోతే రావు. మా నాన్నకు సొంతం ఎకరంన్నర, కౌలు మూడెకరాలు. కాలువ నీరు అందని రోజుల్లో మురుగు కాలువలోంచి తోడుకోవడానికి పదకొండు మంది రైతులు కలిసి ఒక ఆయిలింజను కొన్నారు. ఎవరి వంతు ఏ రోజు, ఏ వేళ అన్నది మా నాన్న ఒక నోటుబుక్కులో రాస్తారు. రాసి, ఒక్కొక్కరికీ ఫోను చేసి చెప్తారు.

ఈ ఫోన్లు చేసే బాధ తప్పిద్దామని నేను పైథాను భాషలో, ఫాస్ట్ఏపీఐ అనే వెబ్ ఫ్రేమ్‌వర్కు మీద ఒక చిన్న ప్రోగ్రాము రాశాను. వంతు రాసి బటను నొక్కితే ఆ రైతుకు ఎస్సెమ్మెస్ పోవాలి. ఇంట్లో మూలనపడ్డ పాత ఫోనులో సిమ్ వేసి, ప్రోగ్రాము చెప్పగానే అది మెసేజీ పంపేటట్లు ఏర్పాటు చేశాను. అంతవరకు బాగానే ఉన్నది.

పోయిన సార్వాలో ఒక రాత్రి పదిన్నరకు ప్రోగ్రాముకు టెస్టులు రాశాను. టెస్టు అనగా, మన ప్రోగ్రాము సరిగా పనిచేస్తున్నదా లేదా అని పరీక్షించే మరో చిన్న ప్రోగ్రాము. కొత్తగా పేర్లు కల్పించడం బద్ధకమై, నాన్న బుక్కులోని పదకొండు పేర్లూ నంబర్లూ ఉన్నవున్నట్లు ఎక్కించాను. టైము అందరికీ ఒకటే వేశాను, రాత్రి 2 గంటలు. టెస్టులన్నీ పాసయ్యాయి. తృప్తిగా పడుకున్నాను.

రెండింటికి ఇంజను దగ్గర ఏడుగురు రైతులు చేరారు. ఒక చేతిలో టార్చి, ఒక చేతిలో పార. ప్రతివాడి ఫోనులోనూ "ఈ రాత్రి 2 గంటలకు మీ వంతు" అని ఉన్నది. నీళ్ళ కోసం నెల రోజులుగా కళ్ళు కాయలు కాచి ఉన్న మనుషులు. మాటా మాటా పెరిగింది. ఆ గందరగోళంలో మా వరసకు తాతయ్య అయ్యే పెద్దాయన గట్టు మీద నుంచి జారి మోకాలు మడతపడ్డాడు. నాలుగు రోజులు మంచం దిగలేదు. ఆ నాలుగు రోజులూ ఆయన చేనుకు మా నాన్నే నీళ్ళు పెట్టారు. నన్ను తిట్టలేదు. "నోటుబుక్కు ఎప్పుడూ ఇట్టా చెయ్యలేదమ్మా" అన్నారు, అంతే.

తరువాతి ఆదివారం రేపల్లె పాసెంజరెక్కి, తెనాలిలో బండి మారి, బాపట్ల వెళ్ళాను. అక్కడ మా పెద్దమ్మ కొడుకు ఉంటాడు, ఇంజనీరింగు చదివి కంపెనీకి ఇంటి నుంచే పని చేస్తున్నాడు. జరిగింది విని అన్నయ్య నవ్వలేదు. "టెస్టులో నిజం నంబర్లు పెట్టటం నీ మొదటి తప్పు. అది ఎవరికైనా చెప్పొచ్చు. రెండోది చూపిస్తా, నీ ప్రోగ్రాము తెరువు" అన్నాడు. తెరిచాను. అసలు సంగతి ఇట్లా ఉన్నది. అందరికీ అర్థం కావడానికి తెలుగులో రాస్తున్నాను:

క్లాసు ఇంజనువంతు:
    ప్రారంభం():
        నా దూత = సిమ్‌దూత()

"ఇక్కడ దూతను ఎవరు తయారుచేస్తున్నారు?" అన్నాడు. ఇంజనువంతే తయారుచేస్తున్నది అన్నాను. "మరి వంతులు చూసుకోవాల్సినదానికి దూతను తయారుచేసే పనెందుకు?" అని, రెండు పంక్తులు మార్చాడు:

క్లాసు ఇంజనువంతు:
    ప్రారంభం(దూత):
        నా దూత = దూత

"ఇదే డిపెండెన్సీ ఇంజక్షన్" అన్నాడు. నేను మిగతాది ఎక్కడుందా అని చూశాను. మిగతాది లేదు.

నిజంగా ఇంతే, మిత్రులారా. ఒక క్లాసు తన పని చేసుకోవడానికి ఇంకొకదాని మీద ఆధారపడితే, ఆ ఇంకొకటి డిపెండెన్సీ, అంటే ఆధారం. ఆ ఆధారాన్ని తనే లోపల తయారుచేసుకోకుండా బయటి నుంచి చేతికిస్తే అది ఇంజక్షను. మొదటి పద్ధతిలో ఇంజనువంతును పిలవడమంటే పాత ఫోనునూ అందులోని సిమ్మునూ కలిపి పిలవడమే. వాటిని విడదీసే దారి లేదు. టెస్టు పిలిచినా అదే ఫోను మోగుతుంది. పైగా బయట నుంచి చూసేవాడికి ఆ క్లాసు లోపల ఒక సిమ్ ఉన్నదనే తెలియదు. నాకే తెలియలేదు, రాసింది నేనే అయినా! రెండో పద్ధతిలో తలుపు దగ్గరే చెప్తున్నది: "నాకు ఒక దూత కావాలి, ఎవరైనా సరే." నిజమైన పనికి సిమ్‌దూతనిస్తాము. టెస్టుకు కాగితందూతనిస్తాము. కాగితందూత మెసేజీ పంపదు. ఎవరికి ఏమి పంపమన్నారో ఒక జాబితాలో రాసుకొని ఊరుకుంటుంది. టెస్టు ఆ జాబితా చూసి సరిపోల్చుకుంటుంది.

అప్పటికీ నా ముఖంలో ఏదో మిగిలి ఉన్నట్లున్నది, అన్నయ్య ఊరి సంగతికి దిగాడు. "మీ చేను ఎప్పుడైనా కృష్ణ నీరే కావాలని అడిగిందా?" అన్నాడు. 2015లో పట్టిసీమ ఎత్తిపోతల పథకం వచ్చింది. గోదావరి నీటిని తోడి, పోలవరం కుడి కాలువ ద్వారా తెచ్చి, ఇబ్రహీంపట్నం దగ్గర బ్యారేజీకి ఎగువన కృష్ణలో కలిపే ఏర్పాటు అది. అట్లా మన డెల్టాలో ఎన్నో మడులకు గోదావరి నీరు పారింది. ఏ రైతూ తన తూము మార్చలేదు, బోదె మార్చలేదు. చేనుకు కావలసింది నీరు. ఏ నది అన్నది పైన ఎక్కడో నిర్ణయమైపోయింది. చేను తన నీటిని తానే తవ్వి తెచ్చుకోవలసి వస్తే ప్రతి చేను కిందా ఒక నది ఉండవలసి వచ్చేది.

ఈ ఉపమానంలో నాకు బాగా ఉపయోగపడింది అది ఎక్కడ తేడా కొడుతుందన్న సంగతి. ఆధారాన్ని అందించడానికి రెండు దారులు ఎక్కువ వాడుకలో ఉన్నవి. ఒకటి పైన చూపినట్లు కన్‌స్ట్రక్టరు ద్వారా, అనగా ఆబ్జెక్టు పుట్టేటప్పుడే ఇవ్వడం. రెండోది సెట్టరు ద్వారా, అనగా పుట్టిన తరువాత ఎప్పుడో ఇవ్వడం. సెట్టరు పద్ధతిలో ఆబ్జెక్టు తయారై కూర్చుంటుంది కాని దూత ఇంకా రాలేదు. ఈలోగా ఎవరైనా పని చెప్పారా, బోర్లా పడుతుంది. ఇది అచ్చంగా మా చివరి భూముల పరిస్థితి: నాట్లు వేసి నిలబడ్డాము, నీళ్ళు వస్తాయో రావో తెలియదు. కన్‌స్ట్రక్టరు పద్ధతిలోనైతే నీళ్ళు చేతికి రానిదే నాటే పడదు. తప్పనిసరి ఆధారాలను కన్‌స్ట్రక్టరు ద్వారానే ఇవ్వమని స్ప్రింగ్ వారి పత్రాలు కూడా చెప్తాయి.

స్ప్రింగ్ ప్రసక్తి వచ్చింది కనుక కొంచెం చరిత్ర. ఆలోచన పాతదే. పై స్థాయి పనులు కింది స్థాయి వివరాల మీద ఆధారపడరాదని రాబర్ట్ మార్టిన్ 1990లలోనే రాశాడు. జావా ప్రపంచంలో రాడ్ జాన్సన్ 2002లో ఒక పుస్తకం రాసి, అందులో చూపిన ప్రోగ్రాము నుంచి స్ప్రింగ్ ఫ్రేమ్‌వర్కు పుట్టింది. దాని 1.0 వెర్షను 2004లో వచ్చింది. అదే సంవత్సరం జనవరిలో మార్టిన్ ఫౌలర్ రాసిన వ్యాసంతో డిపెండెన్సీ ఇంజక్షన్ అన్న పేరు స్థిరపడింది. అంతకుముందు దీన్ని "ఇన్వర్షన్ ఆఫ్ కంట్రోల్" అనేవారు, అనగా అదుపు తలకిందులవడం. ఆ మాట మరీ విశాలమైనదని కొత్త పేరు పెట్టారు. ఆ పాత పేరుకు హాలీవుడ్ సూత్రం అని ముద్దుపేరు ఉన్నది: మీరు మాకు ఫోను చెయ్యొద్దు, మేమే చేస్తాము. దీనికి హాలీవుడ్ దాకా పోనక్కరలేదు. పెళ్ళిచూపులకు వచ్చి పులిహోరా కాఫీ అయ్యాక లేస్తూ మగపెళ్ళివారు చెప్పే మాట అదే గదా, "ఇంటికి వెళ్ళి కబురు చేస్తామండీ."

ఇప్పుడు ఫ్రేమ్‌వర్కు ఏం చేస్తుందో చూద్దాము. నా ప్రోగ్రాములో వెబ్ పేజీకి ఇంజనువంతు కావాలి. ఇంజనువంతుకు దూత కావాలి, డేటాబేసు సెషను కావాలి. సెషనుకు డేటాబేసు ఎక్కడున్నదో చెప్పే అమరికలు కావాలి. ఇవన్నీ చేత్తో కూడా తయారుచేయవచ్చు: ముందు అమరికలు, తరువాత సెషను, తరువాత దూత, చివర ఇంజనువంతు. నాలుగైదు పంక్తుల పని. నలభై క్లాసులున్న చోట మాత్రం ఇది తలనొప్పి. అప్పుడు "ఎవరికి ఏమి కావాలో వాళ్ళే తలుపు దగ్గర రాసి పెట్టారు గదా, చూసి నేనే అమరుస్తాను" అంటుంది ఫ్రేమ్‌వర్కు. ఈ అమర్చేదాన్ని కొన్నిటిలో కంటెయినరు అంటారు. 2018లో వచ్చిన ఫాస్ట్ఏపీఐలో దీనికి "డిపెండ్స్" అనే మాట ఉన్నది. ఫంక్షను పక్కన డిపెండ్స్ అని రాసి, ఆధారాన్ని తెచ్చిపెట్టే ఇంకో ఫంక్షను పేరు చెప్తాము. పేజీ కోసం ఎవరైనా అడగ్గానే ఫ్రేమ్‌వర్కు ఆ గొలుసు పట్టుకొని అడుగుకు వెళ్ళి, అక్కడ నుంచి ఒక్కొక్కటీ తయారుచేసుకుంటూ పైకి వస్తుంది.

టెస్టు వేళ "ఓవర్‌రైడ్స్" అనే పట్టికలో ఒక్క పంక్తి రాస్తే చాలు: సిమ్‌దూతను తెచ్చే ఫంక్షను బదులు కాగితందూతను తెచ్చేదాన్ని పిలువు. మిగతా ప్రోగ్రాములో ఒక్క అక్షరం మారదు. ఆ ఒక్క పంక్తి ఆ రాత్రి ఉండి ఉంటే తాతయ్య మోకాలు బాగుండేది. జాంగో అనే మరో ఫ్రేమ్‌వర్కులో ఇట్లాంటి కంటెయినరు లేదు గాని, ఈమెయిలు విషయంలో దాన్ని రాసినవారు మనకన్నా జాగ్రత్తపరులు. దాని టెస్టులు నడిచేటప్పుడు ఈమెయిళ్ళు బయటికి పోకుండా వాటంతట అవే మెమరీలోని ఒక పెట్టెలో పడతాయి. ఇట్లాంటి ప్రమాదం నా ఒక్కదానికే తట్టింది కాదన్నమాట.

ఇక నేను చేసిన రెండో తప్పు. ఆధారం బయటి నుంచి రావాలని నేర్చుకున్న ఉత్సాహంలో, డేటాబేసు కనెక్షను కూడా ఒకటే తయారుచేసి అందరికీ అదే ఇచ్చాను. ఒక థ్రెడ్‌లో తయారైన ఎస్‌క్యూలైట్ కనెక్షనును ఇంకో థ్రెడ్‌లో వాడరాదని పైథాను ఎర్రని అక్షరాలతో మొరాయించింది. ఆ తనిఖీని ఆపివేసే మీట ఒకటి ఉన్నది. ఆపాను. నోరు మూతపడింది. రెండు రోజుల తరువాత ఒక రైతు వంతు సగం రాస్తుండగా ఇంకొకరి వంతు రద్దయి, రెండూ కలిసి రద్దయినవి. ఒకే కనెక్షను మీద ఒకరి "వెనక్కి తీసుకో" ఇద్దరిదీ వెనక్కి తీసుకుంటుంది మరి. ఈసారి మెసేజీలు కాగితందూతకే పోయినవి గనుక ఎవరి మోకాలికీ ప్రమాదం రాలేదు.

దీన్నిబట్టి తెలిసిందేమంటే, ఆధారం ఇవ్వడమొక్కటే చాలదు, దాని ఆయుష్షు ఎంత అన్నది కూడా చూడాలి. 2016లో వచ్చిన ఏఎస్‌పీ డాట్ నెట్ కోర్‌లో వీటికి మూడు పేర్లున్నవి. ప్రోగ్రాము నడిచినంతసేపూ ఒకటే ఉండేది సింగిల్‌టన్: ఊరికంతటికీ ఒకటే ఇంజను. ఒక్కొక్క విన్నపానికి ఒకటి ఉండేది స్కోప్డ్: ఒక వంతు మొదలైనప్పుడు పోసి, అయిపోగానే లెక్క తేల్చే డీజిలు. అడిగిన ప్రతిసారీ కొత్తగా పుట్టేది ట్రాన్సియెంట్: చీటీ రాసుకునే కాగితం. దూత సింగిల్‌టనైతే బాధ లేదు. డేటాబేసు సెషను మాత్రం స్కోప్డ్ కావాలి. ఫాస్ట్ఏపీఐలో ఆధారం తెచ్చే ఫంక్షనులో "యీల్డ్" అని రాస్తే, అంతవరకు ఉన్నది ముందు జరిగి, సెషను మన చేతికి వస్తుంది. మన పని అయ్యాక యీల్డ్ కింద ఉన్నది జరిగి, సెషను మూతపడుతుంది. మధ్యలో తప్పు జరిగినా మూసేటట్లు "ఫైనల్లీ"లో పెట్టడం మరవకూడదు. ఇంజను ఇచ్చినవాడే తిరిగి తీసుకొని షెడ్డులో పెట్టాలన్న నియమం లాంటిది. వాడుకున్నవాడికి వదిలేస్తే ఏమవుతుందో మా పదకొండు మందినీ అడిగితే చెప్తారు.

బాపట్ల నుంచి వచ్చేటప్పుడు అన్నయ్య ఇంకో మాట అన్నాడు. "దూతను మార్చొచ్చు అన్నాను గాని, మాట తప్పేదాన్ని పెట్టకు." దీనికి ఉదాహరణ కూడా బాపట్లదే చెప్పాడు. మనం తినే సాంబ మసూరికి అసలు పేరు బి.పి.టి. 5204. బి.పి.టి. అంటే బాపట్లే. అక్కడ తయారై 1986లో విడుదలైంది. దానికి ఎండాకు తెగులు పట్టే బలహీనత ఉన్నది. హైదరాబాదులోని సీసీఎంబీ, వరి పరిశోధన సంస్థల శాస్త్రజ్ఞులు తెగులును తట్టుకునే జన్యువులను చేర్చి మెరుగైన సాంబ మసూరిని తయారుచేశారు. అది 2008లో వచ్చింది. లోపల మారింది, గింజ మారలేదు, అన్నం మారలేదు. అందుకే అది సాంబ మసూరి స్థానంలో నిలబడగలిగింది. నా కాగితందూత అట్లా లేదు. అసలు ఫోను సిగ్నలు లేకపోతే "పంపలేకపోయాను" అని చెప్తుంది. కాగితందూత ఎప్పుడడిగినా "పంపాను" అనే అంటుంది. అబద్ధాలకోరు దూతతో టెస్టులన్నీ పాసవుతాయి, నిజమైన రోజున ఒక రైతుకు కబురందక వంతు పోతుంది. అందుకని ఎప్పుడూ విఫలమయ్యే మూడో దూతను కూడా రాశాను. దాన్నిచ్చినప్పుడు ప్రోగ్రాము మా నాన్న తెర మీద "ఈయనకు మీరే ఫోను చేయండి" అని చూపాలి. మొదటిసారి చూపలేదు. ఆ తప్పు టెస్టులోనే దొరికింది.

ఇంకొక ఆధారం ఉన్నది, దాన్ని ఎవరూ ఆధారంగా గుర్తించరు. అది గడియారం. "రేపటి వంతులకు ఈ సాయంత్రం ఆరింటికి కబురు పంపు" అనే ఫంక్షను లోపల "ఇప్పుడు టైమెంత" అని నేరుగా అడిగితే, దాన్ని పరీక్షించడానికి సాయంత్రం ఆరు దాకా కూర్చోవాలి. గడియారాన్ని కూడా బయటి నుంచే ఇస్తే, పొద్దున తొమ్మిదింటికి కూర్చొని సాయంత్రం ఆరును పరీక్షించవచ్చు.

అయితే ఈ మందును అన్నిటికీ వేయకూడదు. రెండు సంఖ్యలు కూడే ఫంక్షనుకు కూడికను ఇంజెక్టు చేసినవాళ్ళను చూశాను. నేనూ ఒక వారం పాటు అట్లాగే చేశాను, సిగ్గులేకుండా ఒప్పుకుంటున్నాను. నా లెక్కలో, బయటి ప్రపంచాన్ని తాకేవి (ఫోను, డేటాబేసు, గడియారం, డబ్బు) తప్పక బయటి నుంచి రావాలి. లోపల లోపలే లెక్కలు చూసుకునేవాటిని వాటి మానాన వదిలేయవచ్చు. ఇంకోటి: ప్లేస్‌మెంట్ల కోసం స్ప్రింగ్ నేర్చుకునే మిత్రులు "ఆటోవైర్డ్" అన్న గుర్తును మంత్రంలాగా బట్టీపట్టి, దాన్ని తీసేస్తే ఏమవుతుందో చెప్పలేకపోతున్నారు. వారికి నా విన్నపం, ముందు ఏ ఫ్రేమ్‌వర్కూ లేకుండా మూడు క్లాసులు రాసి, చివర నాలుగు పంక్తుల్లో చేత్తో కలపండి. మాకు ల్యాబులో అట్లా చెప్పి ఉంటే బాగుండేది. ఫ్రేమ్‌వర్కు చేసేది ఆ నాలుగు పంక్తుల పనే అని కళ్ళారా చూశాక అందులో మంత్రమేమీ మిగలదు.

దాళ్వాకు ముందు ప్రోగ్రాము మళ్ళీ మొదలుపెడదామంటే నాన్న సరేనన్నారు గాని, నోటుబుక్కు రాయడం మాత్రం మానలేదు. తాతయ్య కర్ర పొడుచుకుంటూ మా అరుగు మీదికి వచ్చి కూర్చున్నాడు. "ఏం మనవరాలా, నీ కంప్యూటరుకు రాత్రిళ్ళు నిద్ర పడుతోందా?" అన్నాడు. ఆయన ముందే టెస్టులు నడిపాను. కాగితందూత జాబితాలో పదకొండు పంక్తులు వచ్చినవి, ఈసారి అన్నీ కల్పించిన పేర్లే. ఇవేవీ ఎవరికీ పోలేదు తాతయ్యా, ఇక్కడే ఆగిపోయినవి అని చూపించాను. తలూపాడు. ఊపి, చొక్కా జేబులోంచి ఫోను తీసి ఒకసారి చూసుకున్నాడు.